హలో.. వినపడుతోందా?

పొద్దున లేచింది మొదలు మీటింగులు, కాల్స్, చాట్లు. మన ఐటీ జనాల జీతంలో సగం కోడ్ రాసినందుకైతే మిగతా సగం మాట్లాడినందుకే అని నా గట్టి అనుమానం. కోడ్ ఎలా నడుస్తుందో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. మరి మాట ఎలా నడుస్తుందో చెప్పేవి? చేతులు కట్టుకోకండి, ఎదుటివాడి కళ్ళలోకి చూడండి అని చెప్పే సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగుల్ని నేను లెక్కలోకి తీసుకోవట్లేదు. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటున్నప్పుడు అసలేం జరుగుతోందో తెలుసుకోడానికి టేపులు ముందుకీ వెనక్కీ తిప్పి, మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని సెకనులో పదో వంతు దాకా కొలిచిన వాళ్ళు కొందరున్నారు. ఈ టపా వాళ్ళ గురించి. వాళ్ళ కథ తెలిస్తే, మనం రోజూ ఒకరి మీద ఒకరం పారేసే తీర్పులు ("వాడికి పొగరు", "ఆవిడకి కాన్ఫిడెన్సు లేదు" వగైరా) ఎంత బలహీనమైన పునాది మీద నిలబడ్డాయో కూడా తెలుస్తుంది.

ముందు కొంచెం ఫ్లాష్‌బ్యాక్. మనుషుల మాటల మీద శాస్త్రీయంగా పరిశోధన చెయ్యాలంటే 1950ల్లో ఒక పద్ధతి ఉండేది. హార్వర్డ్‌లో రాబర్ట్ బేల్స్ అనే ఆయన కొంతమందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఏదో సమస్య ఇచ్చి చర్చించమనేవాడు. ఒకవైపు నుంచి మాత్రమే కనపడే అద్దం వెనక పరిశీలకులు కూర్చుని, ప్రతి మాటనీ 12 డబ్బాల్లో ఏదో ఒకదాంట్లో వేసేవాళ్ళు. ఒప్పుకున్నాడు, ఒప్పుకోలేదు, సలహా ఇచ్చాడు, అభిప్రాయం అడిగాడు.. ఇలా అన్నమాట. చివర్లో ఏ డబ్బాలో ఎన్ని పడ్డాయో లెక్క. మన భాషలో చెప్పాలంటే డాష్‌బోర్డు. మాట డబ్బాలో పడింది సరే, ఆ మాట అక్కడ, ఆ క్షణంలో ఎందుకొచ్చిందో మాత్రం డాష్‌బోర్డు చెప్పదు.

ఇంకోపక్క భాషాశాస్త్రంలో నోమ్ చోమ్‌స్కీ శకం మొదలైంది. 1965లో వచ్చిన ఆయన పుస్తకం ప్రకారం భాషాశాస్త్రం చూడాల్సింది ఆదర్శ వక్త మెదడులో ఉండే వ్యాకరణాన్ని. నిజంగా మనుషులు మాట్లాడేటప్పుడు వచ్చే తడబాట్లు, సగంలో ఆగిపోయిన వాక్యాలు అన్నీ ఆ లెక్కలో పనికిరాని చెత్త. నోయిస్.

ఈ రెండు దారులూ కాదన్నవాళ్ళు ఇద్దరు. ఒకాయన ఎర్వింగ్ గాఫ్‌మన్. స్కాట్లాండుకి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో 1949-51 మధ్య మకాం పెట్టి, అక్కడి హోటల్లో పనివాళ్ళు వంటింట్లో ఒకలా, భోజనాల గదిలో ఇంకోలా ఎలా మారిపోతారో గమనించి, రోజువారీ జీవితమే ఒక నాటకరంగం అని రాశాడు. రెండో ఆయన లాస్ ఏంజెలెస్‌లో హెరాల్డ్ గార్ఫింకెల్. ఈయన మహా చిలిపి. "మీ ఇంటికెళ్ళి కాసేపు అద్దెకున్నవాళ్ళలా ప్రవర్తించి రండి" అని స్టూడెంట్లకి హోంవర్క్ ఇచ్చాడు. ఊహించుకోండి.. సొంత అమ్మ దగ్గరకెళ్ళి "ఏమండీ, కొంచెం మంచినీళ్ళు తీసుకోవచ్చాండీ?" అని అడగడం! ఇంట్లోవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత ఒంట్లో బాగుందా అని అడిగారు, ఆపైన తిట్టారు. గార్ఫింకెల్ నిరూపించదలచుకున్నది అదే: మర్యాద తక్కువైతేనే కాదు, ఎక్కువైనా కొంప కూలుతుంది. అంటే ఎవరూ ఎక్కడా రాసిపెట్టని నియమాలు అక్కడ పనిచేస్తున్నాయన్నమాట.

బాగానే ఉంది. కానీ గాఫ్‌మన్ కళ్ళు ఎంత చురుకైనవైనా, ఆయన చూసింది మనం మళ్ళీ చూడలేం. ఆయన రాసింది నమ్మాలి, అంతే. బగ్ ఉందంటాడు, రీప్రొడ్యూస్ చెయ్యడానికి లాగ్ ఇవ్వడు!

ఆ లాగ్ తీసుకొచ్చినవాడు హార్వీ సాక్స్. 1935లో పుట్టాడు. యేల్‌లో లా చదివి, ఆ దారి వదిలేసి బర్క్‌లీలో సోషియాలజీకి వచ్చాడు. 1963-64లో లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల నివారణ మీద పనిచేసే ఒక కేంద్రంలో చేరాడు. బతుకు మీద ఆశ పోయినవాళ్ళు చేసే ఫోన్ కాల్స్ అక్కడ రికార్డు చేసేవారు. సిబ్బందికి ఒక సమస్య ఉండేది. చాలామంది తమ పేరు చెప్పరు. పేరు తెలియకపోతే సాయం పంపడం కష్టం. సిబ్బంది ఒక ఉపాయం వాడేవారు. ఫోన్ ఎత్తగానే ముందు తమ పేరు చెప్పుకునేవారు. ఇటువాళ్ళు పేరు చెప్తే అటువాళ్ళూ చెప్తారు, లోక మర్యాద కదా.

ఒక కాల్లో ఏం జరిగిందంటే, ఈయన పేరు చెప్పి ఏం సాయం కావాలి అని అడగ్గానే అవతలి మనిషి, వినపడట్లేదు అన్నాడు. ఈయన మళ్ళీ పేరు చెప్పాడు. అవతలి మనిషి ఆ పేరునే తిరిగి పలికాడు, సరిగ్గా విన్నానా అన్నట్టు. అయిపోయింది. మాట ముందుకెళ్ళిపోయింది. అతను పేరు చెప్పాల్సిన "ఖాళీ" వచ్చినట్టే వచ్చి దాటిపోయింది. చెప్పను అనలేదు, అబద్ధం ఆడలేదు, మర్యాదా తప్పలేదు. సాక్స్ అనుమానం ఏంటంటే ఆ "వినపడట్లేదు" చెవికి సంబంధించింది కాకపోవచ్చు, పేరు చెప్పకుండా జారుకునే దారి కావచ్చు అని.

బేల్స్ డబ్బాల్లో వేస్తే ఇది "వివరణ అడిగాడు" అనే దాంట్లో పడి ఊరుకునేది. టేపు వెనక్కి తిప్పి వింటే, తీవ్రమైన బాధలో ఉన్న మనిషి కూడా ఒక్క మాటతో ఎంత నేర్పుగా పని నడుపుకున్నాడో కనపడింది. 1964 నుంచి 1972 దాకా సాక్స్ యూసీఎల్ఏలో, ఆ తర్వాత అర్వైన్‌లో ఇచ్చిన పాఠాల్లో మొదటిది ఈ కాల్స్ గురించే. తనకి సంభాషణలంటే ప్రత్యేకమైన ప్రేమేం లేదని, టేపులైతే మళ్ళీ మళ్ళీ వినొచ్చని, తను చెప్పింది తప్పైతే ఇంకొకరు అదే టేపు విని తప్పని చూపించొచ్చని, అందుకే వాటిని పట్టుకున్నానని చెప్పేవాడు. ఓపెన్ సోర్స్ మనస్తత్వం!

రెండో పాత్ర ఇమ్మాన్యుయెల్ షెగ్లాఫ్. ఈయన ఒక అమెరికన్ పోలీసు విభాగానికి వచ్చినవీ, అక్కణ్ణుంచి వెళ్ళినవీ సుమారు 500 ఫోన్ కాల్స్ తీసుకుని, వాటి మొదటి కొన్ని సెకన్లు మాత్రమే చూశాడు. నియమం తేలిగ్గానే దొరికింది: ఫోన్ ఎత్తినవాడు ముందు మాట్లాడతాడు. అన్ని కాల్సూ ఈ నియమానికి లొంగాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాంట్లో అవతల ఫోన్ ఎత్తారు, ఒక సెకను మౌనం, ఆ తర్వాత ఫోన్ చేసిన పోలీసే "హలో" అన్నాడు.

మనమైతే ఏం చేస్తాం? దాదాపు 500 టెస్టులు పాసై ఒక్కటి ఫెయిలైతే "నోన్ ఇష్యూ" అని రాసి రిలీజ్ చేసేస్తాం. షెగ్లాఫ్ ఆ ఒక్క కేసు కోసం నియమాన్నే పారేసి కొత్తది రాశాడు. ఫోన్ మోగడమే మొదటి మాట. అది ఒక పిలుపు. ఎత్తినవాడి "హలో" ఆ పిలుపుకి జవాబు. జవాబు రాకపోతే ఏం చేస్తాం? మళ్ళీ పిలుస్తాం. పోలీసు అన్న "హలో" అదే, రెండోసారి పిలుపు. ఇప్పుడు అన్ని కాల్సూ ఒకే నియమం కిందకి వచ్చాయి. ఈ పేపరు 1968లో అచ్చయింది. నెట్‌వర్కింగ్ తెలిసినవాళ్ళకి ఇప్పటికే వెలిగి ఉండాలి: ప్యాకెట్ పంపాం, జవాబు రాలేదు, టైమవుట్, మళ్ళీ పంపాం.

మూడో పాత్ర నాకు అందరికంటే ఇష్టం. గెయిల్ జెఫర్సన్. ఈవిడ చదివింది డ్యాన్సు. 1963లో యూసీఎల్ఏ ఆఫీసులో గుమస్తా-టైపిస్టుగా చేరి, జైలు గార్డులకిచ్చే శిక్షణ టేపులు విని టైపు చేసింది. డిగ్రీకి ఇంకో సబ్జెక్టు కావాల్సొచ్చి 1965లో సాక్స్ క్లాసులో చేరింది. అప్పటిదాకా టేపుని కాగితం మీద పెట్టడం అంటే మాటలు "శుభ్రం" చేసి రాయడమే. నవ్వితే బ్రాకెట్లో "నవ్వు" అని రాసి వదిలెయ్యడం. జెఫర్సన్ ప్రతిదీ విన్నది విన్నట్టు రాసింది. ఎక్కడ ఊపిరి పీల్చారు, ఏ అక్షరం సాగదీశారు, ఏ అక్షరం దగ్గర రెండోవాళ్ళు అడ్డం వచ్చారు, ఎంతసేపు ఎవరూ మాట్లాడలేదు.. అన్నిటికీ కీబోర్డు మీదున్న గుర్తులే వాడింది. నవ్వుని కూడా "హె హ్హ" అంటూ ఏ అక్షరంలో మొదలై ఎక్కడ ఆగిందో రాసింది. అలా రాసేసరికి తెలిసిందేంటంటే నవ్వు దానంతటది పొంగుకొచ్చేది మాత్రమే కాదు, ఒకళ్ళు నవ్వి రెండోవాళ్ళని నవ్వమని ఆహ్వానిస్తారు, వాళ్ళు ఒప్పుకోనూవచ్చు, కాదని విషయం మార్చనూవచ్చు. ఈ రంగంలో అందరూ ఈనాటికీ ఆవిడ గుర్తులే వాడుతున్నారు. 2008లో పోయేదాకా తన పని చాలా భాగం ఏ యూనివర్సిటీలోనూ స్థిరమైన ఉద్యోగం లేకుండానే చేసింది. స్టాండర్డు రాసినవాళ్ళకి జీతం రాకపోవడం మన రంగంలోనే కాదన్నమాట.

ఈ ముగ్గురూ కలిసి 1974లో "లాంగ్వేజ్" అనే పత్రికలో ఒక పేపరు వేశారు. ప్రశ్న చాలా చిన్నది. సంభాషణలో ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ఎలా నిర్ణయమవుతుంది? ఎవరెంతసేపు మాట్లాడాలో ముందు తెలీదు, ఏ వరసలో మాట్లాడాలో తెలీదు, ఎంతమంది ఉంటారో తెలీదు. అయినా ఎక్కువ శాతం ఒక్కసారికి ఒక్కళ్ళే మాట్లాడతారు. ఇద్దరు మాట్లాడటం తరచూ జరిగేదే కానీ అది లిప్తపాటే. వాళ్ళు చెప్పిన నియమాలు మూడు ముక్కలు. మాట్లాడుతున్నవాడు తర్వాతివాణ్ణి ఎంచుకుంటే (పేరు పెట్టి ప్రశ్న అడగడం లాంటిది) వంతు అతనిది. ఎంచుకోకపోతే ముందు ఎవరు మొదలెడితే వాళ్ళది. ఎవరూ మొదలెట్టకపోతే పాతవాడే కొనసాగించొచ్చు. వాక్యం ఒక కొలిక్కి వచ్చే ప్రతిచోటా ఈ మూడూ మళ్ళీ మొదటినుంచి. అంతే! సెంట్రల్ షెడ్యూలర్ లేదు. అంతా స్థానికంగా, అప్పటికప్పుడు.

ఒక తమాషా చూడండి. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ఇద్దరూ టీసీపీకి పునాది వేసిన పేపరు వచ్చింది కూడా 1974లోనే. ఈథర్‌నెట్ పుట్టింది 1973లో. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏం చెయ్యాలి, అవతలివాడికి అందిందో లేదో ఎలా తెలుసుకోవాలి అని యంత్రాల కోసం కొందరు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లోనే, మనుషులు ఎప్పుడో రాసుకున్న ప్రోటోకాల్‌ని వీళ్ళు టేపుల్లోంచి బయటికి తీస్తున్నారు.

మరుసటి ఏడాది, 1975 నవంబరులో, సాక్స్ కారు ప్రమాదంలో చనిపోయాడు. నలభై ఏళ్ళు. పాఠాలు టేపుల మీదే ఉన్నాయి. జెఫర్సన్ వాటిని టైపు చేసి, కూర్చి, 1992లో రెండు సంపుటాలుగా తెచ్చింది. షెగ్లాఫ్ ముందుమాట రాశాడు. ఆయన 2024లో పోయేదాకా ఈ పనే చేశాడు.

"సరేనయ్యా, దీంతో ఒరిగేదేంటి?" అంటారా? వస్తున్నా.

మొదటిది, డాక్టర్ల దగ్గర. కన్సల్టేషను చివర్లో "ఇంకేమైనా ఉందా?" అని అడగమని డాక్టర్లకి నేర్పుతారు. ఇంగ్లీషులో అడిగే ఆ "ఎనీథింగ్ ఎల్స్" వాక్యం "లేదు" అనే జవాబు వైపే మొగ్గుతుందని జాన్ హెరిటేజ్, ఆయన సహచరులు అనుమానించి, 20 మంది అమెరికన్ డాక్టర్లతో పరీక్షించారు. 2007లో ఫలితాలొచ్చాయి. "ఎనీథింగ్" బదులు "సంథింగ్" అన్నప్పుడు, చెప్పాలనుకుని వచ్చి చెప్పకుండానే వెళ్ళిపోయే సమస్యలు 78 శాతం తగ్గాయి. "ఎనీథింగ్" అని అడిగితే అసలు అడగనట్టే, పెద్ద తేడా లేదు. ఒక్క పదం అండీ!

రెండోది మన కాల్స్‌కి సంబంధించింది. 2009లో పది భాషల్లో అవును-కాదు ప్రశ్నలకి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచారు. సగటున సుమారు 200 మిల్లీసెకన్లు. జపనీసులో 7, డేనిష్‌లో 469, మిగతావన్నీ మధ్యలో. ఒక్క మాట మెదడులో తయారై నోట్లోంచి రావడానికే 600 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎదుటివాడు ముగించక ముందే ముగింపు ఊహించి మన జవాబు వండేస్తున్నాం. ఇక జవాబు ఆలస్యమైతే దానికో అర్థం ఉంది. ఒప్పుకోలు టక్కున వస్తుంది, కాదనడం నసుగుతూ వస్తుంది అని అనిటా పోమెరాంట్జ్ 1984లోనే చూపించింది. తెలుగులో చూడండి. "పెళ్ళికొస్తున్నారా?" అంటే "ఓ, వస్తున్నాం" క్షణంలో వస్తుంది. రానివాడు? "అంటే.. ఏంటంటేనండీ.. ఆ రోజు మా వాడికి.." ఆ మొదటి నిశ్శబ్దంలోనే మనకి విషయం తెలిసిపోతుంది. ఇలాంటి నిశ్శబ్దానికి పైహద్దు ఒక సెకను చుట్టుపక్కల ఉంటుందని జెఫర్సన్ 1989లో రాసింది.

ఇప్పుడు లెక్కెయ్యండి. ఫోన్ లైన్లో ఒకవైపు 150 మిల్లీసెకన్ల ఆలస్యం వరకూ ఫరవాలేదని ఐటీయూ సిఫార్సు. రానూపోనూ 300. హైదరాబాదులో మనవాడు 200 మిల్లీసెకన్లలో ఠంచనుగా జవాబిచ్చినా డల్లాస్‌లో ఉన్నాయనకి అది 500 అయి వినపడుతుంది. మ్యూట్ తియ్యడానికి ఇంకొంచెం, ప్రశ్న యాస అర్థం చేసుకోడానికి ఇంకొంచెం. సెకను దాటింది. అవతలాయనకి వినపడేది నెట్‌వర్కు ఆలస్యం కాదు, "వీడు నసుగుతున్నాడు" అని. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో (పేరెందుకులెండి) ఆఫ్‌షోర్ టీము గురించి క్లయింటు రాసిన ఫీడ్‌బ్యాకు సారాంశం ఇదే: అడిగితే వెంటనే చెప్పరు, ఏదో దాస్తున్నట్టుంటారు. లైన్లో కావాలని ఆలస్యం పెట్టి చూసిన జర్మన్ పరిశోధకులు 2014లో ప్రచురించింది కూడా ఇదే. జనం లైనుని తిట్టరు, అవతలి మనిషిని తక్కువ అంచనా వేస్తారు.

మూడోది రాగం. జాన్ గంపర్జ్ అనే భాషాశాస్త్రవేత్త 1950ల్లో ఉత్తరప్రదేశ్‌లో ఒక పల్లెలో పనిచేసినవాడు. 1970ల్లో లండన్ హీత్రూ విమానాశ్రయం స్టాఫ్ క్యాంటీన్లో, భారత, పాకిస్తాన్ మూలాలున్న ఆడవాళ్ళు వడ్డనకి చేరారు. వాళ్ళకి పొగరు అని గొడవ. మాటలు రికార్డు చేస్తే తేలింది ఇంత: మాంసం తీసుకున్నవాళ్ళని గ్రేవీ కావాలా అని అడగడానికి బ్రిటిష్ ఆవిడ "గ్రేవీ" అనే ఒక్క మాటని గొంతు పైకి లేపి అంటుంది. మనవాళ్ళు అదే మాటని గొంతు దించి అంటారు. వాళ్ళకది మామూలుగా అడిగే తీరే. ఇంగ్లీషు చెవికి మాత్రం "ఇది గ్రేవీ, ఉంటే ఉండు పోతే పో" అన్నట్టు వినపడింది. వాళ్ళేమో "మా రంగు చూసి మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారు" అని బాధపడుతున్నారు. ఇద్దరికీ టేపు కలిపి వినిపించి మాట్లాడించాక గానీ ముడి విడలేదు. వివక్ష ఎక్కడా లేదని గంపర్జ్ అనలేదు. కానీ ఒక రాగం తేడా మనుషుల గుణంగా ఎలా మారిపోతుందో చూపించాడు.

నాకు ఈ చరిత్ర అంతట్లో అర్థమైంది ఇదే. టైమింగు, రాగం, ఊపిరి, ఒక అక్షరం సాగదీత.. ఇవి ప్రోటోకాల్ విషయాలు. మనం వాటిని వ్యక్తిత్వంగా చదువుతాం. అప్రైజల్లో రాసేస్తాం. సాక్స్ బృందం చేసిన మేలు ఏంటంటే, మనిషిని అంచనా వేసేముందు లాగ్ చూడమని నేర్పడం. చోమ్‌స్కీ నోయిస్ అన్నదాంట్లోనే సిగ్నల్ ఉంది.

ఇక మన సంగతి. పై పది భాషల్లో తెలుగు లేదు, అసలు భారతీయ భాషే ఒక్కటీ లేదు. కానీ చూడాల్సింది ఎంతో ఉంది. ఉదాహరణకి మనకి క్రియ వాక్యం చివర్లో వస్తుంది. "రేపు మీ ఇంటికి పిల్లలతో సహా" దాకా విన్నా వస్తారో రారో తెలీదు, "వస్తా"నా "రాను"నా అన్నది చివరి మాటలోనే. మరి మనం ముగింపు ఎలా ఊహిస్తున్నాం? (జపనీసులోనూ క్రియ చివరే, అయినా పదింట్లో వాళ్ళే ఫస్టు!) అలాగే వినేవాడు మధ్యమధ్యలో చేసే చిన్న శబ్దాలకి ఇంగ్లీషులో "బ్యాక్ చానల్" అనే పేరు 1970లో విక్టర్ ఇంగ్వే పెట్టాడు. మన నాయనమ్మలకి అది ఎప్పట్నుంచో తెలుసు. కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేవాళ్ళు. పేరుతో సహా మన దగ్గర ఉంది: ఊఁ కొట్టడం.

ఖర్చు లేని ప్రయోగం ఒకటి చెప్తాను. ఈ ఆదివారం భోజనాల దగ్గర రెండంటే రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చెయ్యండి (అందరికీ చెప్పే సుమండీ, లేకపోతే గార్ఫింకెల్ స్టూడెంట్ల గతే). తర్వాత జెఫర్సన్‌లా విన్నది విన్నట్టు, ఊఁలూ ఆఁలూ నిశ్శబ్దాలతో సహా రాయండి. గంటైనా పడుతుంది. మీ ఇంట్లో ఎవరు ఎవరి మాటకి అడ్డం వస్తారని మీరు ఇన్నాళ్ళూ అనుకుంటున్నారో, కాగితం మీద అదే కనపడిందా? కామెంట్లలో చెప్పండి.